దొంగవాటా ముంత

మేఘకందర రాజ్యానికి తూర్పు పొలిమేరలో నీలదంత పర్వతాలున్నాయి. ఉదయభానుని తొలి కిరణాలు సోకగానే వాటి శిఖరాల మీది మంచు కరిగిన వెండిలా తళతళలాడుతుంది. నడుము భాగాన దేవదారు వనాలు నెమలి కంఠపు నీలిమను పూసుకుంటాయి. పాదాల వద్ద పారే శంఖినీ నది మాత్రం పొద్దు బాగా ఎక్కేదాకా పొగమంచు దుప్పటి ముసుగు తీయదు. ఆ నదిమీద, ఒక కొండకొమ్ము నుంచి మరొక కొండకొమ్ముకు, అడవితీగలు పేని కట్టిన వంతెన ఒకటి గాలికి ఊగుతూ ఉంటుంది. దానిమీద మనుషులు నడుస్తారు. అలవాటు పడిన ఎద్దులు నడుస్తాయి. గుర్రం నడిచినట్లు ఎవరూ వినలేదు.

ఆ ఉదయం ప్రోలయ గుర్రంతోనే ఆ వంతెన ఎక్కాడు.

ఎక్కక తప్పలేదు. వెనుక రాజధాని రౌతులు శూలాలెత్తి తరుముకొస్తున్నారు. పైన, ఆకాశంలో, పసిడిగద్ద సుడులు తిరుగుతున్నది. దాని రెక్కలు పోతపోసిన బంగారపు రేకులు, ముక్కు వజ్రసూచి. ఎక్కడ రవ్వంత బంగారమున్నా, ఎన్ని గోడల చాటున ఉన్నా, వాసన పట్టి కేక పెట్టే మాయాపక్షి అది.

వంతెన నడిమికి వచ్చేసరికి తీగలు కిర్రుమన్నాయి. గుర్రం బిత్తరపోయి ముందుకాళ్లు ఎత్తింది. అదే అదనుగా గద్ద రెక్కలు ముడిచి పిడుగులా దిగింది. దాని చూపు ప్రోలయ కన్నుల మీద లేదు. చెవుల మీద ఉంది. తండ్రి చేయించిన బంగారు పోగులు అతని చెవులకు వేలాడుతున్నాయి.

"ఓహో, నీకు కావలసింది నేను కాదా!" అన్నాడు ప్రోలయ. రెండు పోగులనూ ఊడబెరికి, చేతిబలమంతా పెట్టి నదిలోకి విసిరాడు.

గద్ద గాలిలోనే పల్టీకొట్టి, ఆ మెరుపుల వెంట లోయలోకి దూకింది. ప్రోలయ గుర్రపు కన్నులకు తలపాగా చుట్టి, చెవిలో ఏదో బుజ్జగింపు చెప్పి, ఆవలి గట్టుకు నడిపించాడు. రౌతులు వంతెన మొదట్లో కళ్లేలు బిగించి నిలిచిపోయారు. వారి గుర్రాలు అడుగు ముందుకు వేయలేదు. ఇక వారు దిగువ రేవు చుట్టి రావలసిందే.

ఇంత ఉపద్రవానికి కారణం తెల్లవారుజామున రాజకోశంలో ప్రోలయ చూసిన దృశ్యం.

ప్రోలయ బిడారు మనిషి. ఎద్దుల మీద ఉప్పు, ఇంగువ, మిరియాలు వేసుకుని రాజ్యం నుంచి రాజ్యానికి సాగిపోయే వర్తకుల బిడారుకు, తండ్రి పోయిన నాటినుంచి అతడే నాయకుడు. మహారాజు సువ్రతసేనుడు ఉత్తరదేశపు దండయాత్రకు వెళ్లి జాడ తెలియకుండా పోయినప్పటి నుంచి రాజ్యం దిక్కులేనిదయింది. అదను చూసుకుని, సముద్రాల ఆవలి రాజవంశీకుణ్ణని చెప్పుకొంటూ హిరణ్యనాభుడనేవాడు వచ్చి, రాణిని మాటలతో మాయచేసి కోశాధ్యక్షుడయ్యాడు. తాటిచెట్టంత నిలువు, నిప్పుకణికల వంటి కన్నులు, మేఘగర్జన వంటి కంఠం. "కాలం బాగాలేదు. శత్రువులు రానున్నారు. మీ ఇంటి బంగారం మీవద్ద ఉంటే దోపిడీ పాలవుతుంది. తెచ్చి నా అభయకోశంలో దాచండి. మీకు లక్కముద్ర ఇస్తాను" అని ఊరూరా చాటింపు వేయించాడు. భయపడినవారు తెచ్చి ఇచ్చారు. భయపడనివారి ఇళ్లకు సైనికులు వెళ్లారు.

దీపాలకు నూనె మోసే కూలివాని వేషంలో ప్రోలయ కోశంలోకి చొరబడ్డాడు. అక్కడ పెట్టెలు లేవు, మూటలు లేవు. పాతాళమంత లోతైన గదిలో, బంగారపు వేతాళుడొకడు మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. ప్రజల కంటెలు, కడియాలు, మంగళసూత్రాలు, పసిపిల్లల మొలతాళ్ల గజ్జెలు అతని ఒంట్లో ఇంకా పూర్తిగా కరగక ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. కుడిచేతి చిటికెనవేలు ఒక్కటే లేదు.

హిరణ్యనాభుడు ఆ విగ్రహం ముందు సాష్టాంగపడి అంటున్నాడు: "వేతాళరాజా! ఇంకొక్క వేలు! పుట్టింది మొదలు ఒక్క కుటుంబం చేతినుంచి బయటికి పోని బంగారం దానికి కావాలన్నావు. అది బిడారు నాయకుని ఇంట ఉన్నది. ఈ పూటే తెస్తాను. లే! ఈ భూమండలమంతా నీ కాలికింద పెట్టు!"

విగ్రహం పెదవులు కదిలాయి. "నీ పాత రూపం నిన్ను వెతుక్కుంటూ వస్తే?"

కోశాధ్యక్షుడు పకపకా నవ్వాడు. "నా ఉయ్యాలపేరుతో నన్ను పిలిచినప్పుడు కదా నా మాయ వీడేది! ఆ పేరు తెలిసినవాళ్లు ఈ రాజ్యంలో ఎవరున్నారు ప్రభూ!"

సరిగ్గా అప్పుడే ప్రోలయ చేతిలోని నూనెకుండ జారింది. ఆ తరువాతి కథ వంతెన దాకా మనకు తెలిసినదే.

*

శంఖినీ నది ఒడ్డున, వానకాలానికి బిడారు దిగే విడిది ఉంది. మట్టిగోడల ఇళ్లు, గోనెపట్టాల చూర్లు. ప్రతి ఇంటి ముందూ ఎద్దుల మెడగంటల గలగలలు. ప్రోలయ గుర్రం దిగి తన ఇంటి వాకిట్లోకి ఉరికేసరికి, అతని నాయనమ్మ కుందమ్మ నడుం వంచి పేడతో నేల అలుకుతున్నది. ఆమె జుట్టు ముగ్గుబుట్ట. చూపు మాత్రం ఇంకా సూదిలో దారం ఎక్కించగలిగినంత సూటి.

"అవ్వా! ఇంటి మూట ఎక్కడ దాచావు?"

"ముందు ఆ బురదకాళ్లు బయట పెట్టు. ఇప్పుడే అలికాను."

"ప్రాణాల మీదికి వచ్చింది అవ్వా! కోశాధ్యక్షుడు మన మూట కోసమే వస్తున్నాడు. దానితో వేతాళుణ్ణి లేపుతాడు. ఎక్కడుందో చెప్పు, నేను కొండల్లో పాతిపెట్టి వస్తాను."

"చెప్పను."

"నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్ముతాను. నీ ఒంటిమీద కర్రు కాల్చి పెట్టినప్పుడు నీ నోటిని నమ్మను. మీ తాత నోటినీ నమ్మలేదు. తెలియకపోతే నిజంగానే తెలియదంటావు. వాడికీ చూడగానే అది తెలుస్తుంది." కుందమ్మ తలెత్తి అతని ముఖంలోకి చూసింది. "చెవిపోగులేవిరా?"

"గద్దకు దొంగవాటా ఇచ్చాను."

ముసలమ్మ బోసినోటితో హాయిగా నవ్వింది. "బిడారు బిడ్డవనిపించుకున్నావు."

ఆ మాటకు అర్థం బిడారు జనానికి బాగా తెలుసు. వారి ప్రతి ఇంటి గడపపక్కనా ఒక మట్టిముంత ఉంటుంది. దానిలో కాసిని రాగికాసులు వేసి, మూత కూడా పెట్టకుండా ఉంచుతారు. దాని పేరు దొంగవాటా. ఏ రాత్రివేళనో పరాయి దొంగ వచ్చి, చేతికి సులువుగా దొరికినది తీసుకుని, ఇంటివాళ్లను పొడవకుండా తన దారిన తాను పోవాలని దాని ఉద్దేశం. బిడారువాడు మాత్రం మరొక ఇంటి ముంతను చచ్చినా ముట్టడు. ముట్టినవాణ్ణి బిడారు వెలివేస్తుంది. నడక నేర్చిన బిడ్డకు తల్లి మొదట నేర్పేది ఇదే: ముంత పక్కనుంచి పోవలసి వస్తే ముఖం పక్కకు తిప్పుకో, చెవితమ్మె పట్టుకో, ఎడమకాలు ముందు వెయ్యి. నేర్వని బిడ్డ పిక్కల మీద చింతబరికె ఆడుతుంది.

"ఇల్లు వదిలి కనుమ దాటిపోదాం, పద" అన్నాడు ప్రోలయ.

"చూలింతలున్నారు, ఈనబోయే ఆవులున్నాయి. దారిన పడ్డ బిడారు పైనున్న గద్దకు పళ్లెంలో పెట్టిన అన్నం. ఇక్కడే ఉంటాం. వాణ్ణి రానీ."

వాడు వచ్చాడు.

మొదట దుమ్ము, తరువాత గుర్రాలు, ఆ పైన ఏనుగంత నల్లగుర్రం మీద హిరణ్యనాభుడు. ఎర్రపట్టు అంగరఖా నేల జీరాడుతున్నది. భుజాన పసిడిగద్ద కూర్చుని, నది నుంచి తెచ్చుకున్న చెవిపోగులను ఇంకా నములుతున్నది. సైనికులు విడిదినంతా చుట్టుముట్టారు. ఇద్దరు ప్రోలయ చేతులు విరిచికట్టి వాకిట్లో మోకాళ్ల మీద కూలవేశారు.

"పో!" అని గద్దను వదిలాడు హిరణ్యనాభుడు. "మూట ఎక్కడ?"

గద్ద ఇంట్లోకి దూసుకుపోయి గుండెలదిరేలా కేక పెట్టింది. సైనికులు పలుగులతో పరుగెత్తి అది కూర్చున్న చోట తవ్వారు. మట్టి వచ్చింది. గద్ద తిరగలి మీదికి ఎగిరి మళ్లీ కేక పెట్టింది. తిరగలి పగులగొట్టారు. పిండి వచ్చింది. గద్ద గోడమీద వాలి కేక. గాదె మీద కేక. దూలం మీద కేక. ఆ తరువాత పాకలోకి దూరి ముసలి ఎద్దు వీపుమీద కూర్చుని, దాన్ని ముక్కుతో పొడవసాగింది. ఎద్దు తోక విదిలించి ఒక్కటి అంటించింది. చివరకు కుందమ్మ పేడచేతుల మీద వాలి, కూనలా కిచకిచమంటూ ఆమె గోళ్లు నాకటం మొదలుపెట్టింది.

"ప్రభూ, పక్షికి మతి పోయింది" అన్నాడు దళపతి, చెమట తుడుచుకుంటూ.

"పాపం, పేడంటే ఎంత ప్రీతో!" అంది కుందమ్మ. "రాజుగారి ఇంట పెట్టరు కాబోలు."

ప్రోలయ ఒక్కసారి నేలవంక చూశాడు. అలుకు ఆరిన చోట, ఎండ పడిన చోట, పొడిపొడిగా ఏదో మెరుస్తున్నది. అతనికి నవ్వు ఆగలేదు. ముసలమ్మ చిటికెడు బంగారపు పొడి పేడనీళ్లలో కలిపి ఇల్లు, గోడలు, పాక, చివరకు ఎద్దును కూడా అలికింది! చిటికెడు పోతే పోయింది. గద్దకు ఇప్పుడు లోకమంతా బంగారమే.

"నవ్వుతావా?" హిరణ్యనాభుడు గుర్రం దిగాడు. అతని గొంతుకు చూర్లమీది గోనెపట్టాలు ఎగిరిపడ్డాయి. "ముసలిదానా! నేను లోపలికి వెళ్లి వచ్చేలోగా మూట ఎక్కడుందో చెప్పావా సరి. లేదా నీ మనవడి తల ఈ వాకిట్లో దొర్లుతుంది. దళపతీ, కత్తి దూయి!"

చల్లని ఇనుము ప్రోలయ మెడకు తగిలింది. కుందమ్మ పక్కకు జరిగి గడపకు దారి వదిలింది.

హిరణ్యనాభుడు గడప వైపు సాగాడు. గడప పక్కన, సరిగ్గా దారికి అడ్డంగా, దొంగవాటా ముంత ఉంది. దానిమీద ఏదో పాత గుడ్డ కప్పి ఉంది. కోశాధ్యక్షుడు దానిని సమీపించి, అంగరఖా కుచ్చెళ్లు పైకెత్తుకున్నాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వజ్రాల ఉంగరాలు మెరిసే కుడిచెయ్యి పైకి లేచి చెవితమ్మెను పట్టుకుంది. ఎడమకాలు ముందు వేసి, ముంత తగలకుండా దాటి, లోపలికి వెళ్లిపోయాడు.

ప్రోలయ పిక్కలు చిన్ననాటి చింతబరికె దెబ్బలకు చుర్రుమన్నాయి. సముద్రాల ఆవలి రాజవంశీకుడికి ఈ నడక ఎవరు నేర్పారు?

"అవ్వా!" అని అరిచాడు. "వీడు మనవాడే! బిడారులో పుట్టినవాడే! ఉయ్యాలలో వీణ్ణి ఏ పేరుతో పిలిచారో ఆ పేరుతో పిలువు! వీడి మాయ అంతా ఆ పేరులోనే ఉంది!"

లోపలినుంచి పెడబొబ్బ వినిపించింది. "నరకండి! వాణ్ణి నరకండి!"

దళపతి కత్తి పైకి లేచింది. హిరణ్యనాభుడు రెండంగలలో గడప మీదికి వచ్చాడు. అతని వేళ్లకొనల నుంచి నీలిమంటలు లేచాయి.

కుందమ్మ మాత్రం, ఆటలో పడి అన్నం మరిచిన పిల్లవాణ్ణి పిలిచినట్లుగా, నడుం మీద చెయ్యి వేసుకుని పిలిచింది.

"ఒరే బుడంకాయ్! ఇన్నాళ్లకు వచ్చావుట్రా నాయనా!"

నీలిమంటలు చటుక్కున ఆరిపోయాయి. మేఘగర్జన వంటి గొంతు గాలిపోయిన కొలిమితిత్తిలా కుయ్యిమంది. తాటిచెట్టంత ఆకారం మోకాళ్ల దగ్గర, నడుం దగ్గర, మెడ దగ్గర మడతలు పడుతూ కుదించుకుపోయింది. నిప్పుకణికల కన్నులు చింతగింజలయ్యాయి. అదంతా ఆగేసరికి, నేల జీరాడే ఎర్రపట్టు కుప్ప నడుమ, గుండ్రని బట్టతలతో ఒక పొట్టిమనిషి చెవితమ్మె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

సైనికుల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాకింది. దళపతి కత్తి దించి, నిద్రలేచినవాడిలా కన్నులు నులుముకుని, ఆ కత్తితోనే ప్రోలయ కట్లు కోశాడు.

"పెద్దమ్మా" అన్నాడు పొట్టిమనిషి, నేలచూపులు చూస్తూ.

"నీకు ఉయ్యాల కట్టింది నేను. పేరు పెట్టింది నేను. బిడారు విడిచి పారిపోయినవాడివి నువ్వొక్కడివే. పక్కింటి దొంగవాటా ఎందుకు ముట్టావురా ఆనాడు? ఆకలేస్తే మా ఇంటికి రాకూడదా? పెట్టేదాన్ని కదా!"

బుడంకాయ ఏడ్చాడు. ఏడుపు మాయ కాదని కుందమ్మకు తోచినట్లుంది, మజ్జిగ చెంబు అతని చేతికిచ్చి, "తాగు. నీ సంగతి బిడారు పెద్దలు చూస్తారు" అంది. ఆ పైన గడప వద్దకు వెళ్లి, ముంత ఎత్తి, గుడ్డ లాగి, నేలమీద బోర్లించింది.

తరతరాల బంగారం జలజలా రాలింది. పాతకాలపు గంటల పతకాలు, కాసులు, మట్టిగోలీల వంటి ముద్దలు. ఇదే ఇంటి మూట. రాజ్యాలు కూలినా, కనుమలు మూతపడినా, ఎక్కడో కొత్తగడ్డ మీద బిడారు మళ్లీ గంట కట్టుకుని నడవటానికి మిగిల్చిన బలం.

"వాకిట్లోనా!" ప్రోలయ నోరు తెరిచాడు. "పరాయివాడెవడైనా ముందు దాన్నే ఎత్తుకుపోయేవాడు కదా అవ్వా!"

"పరాయివాడైతే. ఎగువ విడిదిలో, దిగువ విడిదిలో వీడి సైనికులు మజ్జిగకవ్వం దాకా ఎత్తుకుపోయారు. దొంగవాటా ముంతలు మాత్రం నిండుగా ఉన్నచోటే ఉన్నాయి. ముట్టవద్దని వీడి ఆజ్ఞ అట. అప్పుడే అనుకున్నాను, వీడెవడో మన చింతబరికె తిన్నవాడేనని." ఆమె కొంగుముడి విప్పి, రాగికాసులు కాసిని ముంతలో వేసింది. "వాకిట్లో ముంత ఖాళీగా ఉండకూడదు."

ఆ మాట ఆమె నోట ఉండగానే పసిడిగద్ద కేక పెట్టింది.

యజమాని మాయ వీడిపోయింది. గద్ద ఆకలి వీడలేదు. దాని రెక్కలు చూస్తుండగానే చాపలంత, తెరచాపలంత విచ్చుకున్నాయి. రాశి పోసిన బంగారం మీదికి అది దూకింది. ప్రోలయ ఎద్దు వీపుమీది ఖాళీ కంట్లం లాగి, ఆ గోనెసంచి నోరు తెరిచి, గద్ద తలమీదుగా దిగవేసి, తాడు బిగించి ముడివేశాడు. గద్ద గుడ్డిదై గిలగిల తన్నుకుంటూ నేల విడిచింది. తాడు ప్రోలయ మణికట్టుకు చుట్టుకుంది. అతని కాళ్లు కూడా నేల విడిచాయి.

"అవ్వా!"

"వదలకురా! గట్టిగా పట్టుకో!" కుందమ్మ రివ్వున ముంత విసిరింది. ప్రోలయ రెండో చేత్తో అందుకున్నాడు. "ఉంచు! దారిలో దొంగలుంటారు!"

చూర్లు కిందికి పోయాయి. విడిది అరచేతిలో ముగ్గంత అయింది. ప్రోలయ కిందికి చూశాడు. కుందమ్మ బంగారాన్ని చేరలతో పంచుతున్నది. ఒక కోడలు కొంగున కట్టుకుని నదివైపు, ఒక కూతురు గంపలో పెట్టుకుని కొండవైపు, ఒకతె ఎద్దు గంటలో కుక్కి అడవివైపు, ఎవరి చోటు మరొకరికి చెప్పకుండా, తేనెపట్టు విడిచిన ఈగల్లా చెదిరిపోతున్నారు. ఇక ఏ మాంత్రికుడు పుట్టుకొచ్చినా, ఏ గద్ద ఎగిరినా, ఆ మూట ఒక్కచోట దొరకబోదు. ప్రోలయ గొంతెత్తి బిడారు కేక వేశాడు. కిందినుంచి గంటలన్నీ ఒక్కసారిగా మోగి బదులు పలికాయి.

గద్ద కళ్లు మూసుకుపోయినా ముక్కు మూసుకుపోలేదు. అది పడమరగా, వాసన దట్టంగా ఉన్న దిక్కుగా, బాణంలా సాగింది. మబ్బుల కింద రాజధాని మేడలు మెరిశాయి. ఆ మేడల నడుమ రాజకోశపు గోపురం నిలువునా చీలి, చీలికలోంచి ఒక బంగారపు చెయ్యి బయటికి వచ్చింది. మేల్కొలిపేవాడు లేకపోయినా వేతాళుడు సగం మేల్కొన్నాడు. నాలుగు వేళ్ల ఆ అరచెయ్యి ఆకాశానికి తెరుచుకుని, తక్కువైన అయిదో వేలి కోసం అడుక్కుంటున్నది. కోటగోడల మీద జనం గగ్గోలు పెడుతున్నారు.

గద్ద సూటిగా ఆ అరచేతిలోకే దిగుతున్నది.

ప్రోలయ ఎడమచేతిలో ముంతను ఒకసారి ఊపి చూశాడు. లోపల రాగికాసులు గలగలమన్నాయి. వేతాళుడు అడుగుతున్నది తరతరాల బంగారం. దొరకబోతున్నది, తీసుకుని తన దారిన పొమ్మని బిడారు ప్రతి దొంగకూ ఇచ్చే రాగి.

"చాపు నాయనా, ఇంకా చాపు!" అన్నాడు ప్రోలయ, గాలి హోరును మించిన గొంతుతో నవ్వుతూ. "నీ వాటా తెచ్చాను!"